జెర్రిపోతుల మీద చీర

నీలవేణి ఆ చీరని గురువారం కోసం కొంది. బిలాస్‌పూర్ సదర్ బజార్‌లో దుకాణం తర్వాత దుకాణం ఎక్కి దిగి, మరీ మెరిసిపోకుండా, అలాగని వెలవెలబోకుండా, చూసిన మనిషికి ‘ఈ ఇంట్లో ఒక పిల్ల సుఖంగా పెరుగుతుంది’ అనిపించే చీర కోసం వెతికింది. అలాంటి చీర ఒకటుంటుందని దుకాణాల వాళ్ళకి తెలీదు. దత్తత కోసం ఏళ్ళ తరబడి వరసలో నిలబడ్డ ఆడదానికి మాత్రం తెలుస్తుంది. చివరికి లేతాకుపచ్చ మీద సన్నటి తెల్ల అంచున్న నూలు చీర దొరికింది. గురువారం పొద్దున్న దత్తత ఆఫీసు నుంచి సాహూ మేడమ్ వీళ్ళ రైల్వే క్వార్టర్‌కి వస్తుంది. ఇల్లు చూస్తుంది, మొగుడూ పెళ్ళాలని అడుగుతుంది, ఇంట్లో పెద్దవాళ్ళ మనసులో ఏముందో కనుక్కుంటుంది. ఆవిడ బాగుందని రాస్తే బిడ్డ ఇంటికొచ్చే రోజు దగ్గరవుతుంది. లేదంటే కాగితాలు అటకెక్కుతాయి, వరస మళ్ళీ మొదటికొస్తుంది.

ఆదివారం మధ్యాహ్నం ఆ చీర మడత కూడా విప్పకుండానే పాముల మీద పడింది.

క్వార్టర్ల వెనక, రైలు పట్టాలకి ఇవతల, కొంత ఖాళీ జాగా ఉంది. ఎప్పుడో పట్టాల కింద నుంచి తీసేసిన సిమెంటు స్లీపర్లు అక్కడ గుట్టగా పడున్నాయి. చుట్టూ బేషరమ్ పొదలు. ఎంత నరికినా సిగ్గు లేకుండా మళ్ళీ మొలుస్తాయని ఇక్కడివాళ్ళు వాటికి ఆ పేరు పెట్టారు. తొలకరి పడి వారమైంది. గడ్డి మోకాలెత్తు లేచింది. పక్క క్వార్టర్ శాంతాదేవి బట్టలు తీయడానికి వెళ్ళి, తీసిన బట్టలు అక్కడే ఒదిలేసి కేక పెట్టింది. ఆ కేకకి మొత్తం లైను లైనంతా పెరట్లోకి వచ్చేసింది.

గడ్డిలోంచి రెండు పాములు నడుమెత్తు పైకి లేచి, ఒకదాన్నొకటి జడలా పెనవేసుకుని ఊగుతున్నాయి. గోధుమరంగు ఒళ్ళు, తోక వైపు నల్లటి గీతలు, పెద్ద పెద్ద కళ్ళు. పెనవేసుకుంటూ నేలకి ఒరుగుతున్నాయి, మళ్ళీ లేస్తున్నాయి. ఒకటి నాగు, రెండోది జెర్రిపోతు అన్నారు కొందరు. నాగుపాముల్లో మగవి ఉండవని, జెర్రిపోతే వాటి మొగుడని తాతల నాటి నుంచి చెప్పుకునే మాటే. పడగ ఏదని అడిగినవాడు ఒక్కడూ లేడు. దగ్గరికెళ్తే తోకతో కొడుతుందని, కొట్టిన చోట చెయ్యి పడిపోతుందని జాగ్రత్తలు చెప్పేవాళ్ళు చెబుతున్నారు. శాంతాదేవి ఫోను తీసి వీడియో పట్టింది.

"సయ్యాట. ఒట్టి చేతుల్తో చూడకూడదు. కొత్త బట్ట ఎయ్యాలి," అంది ఆవిడ, కళ్ళు ఫోను మీద నుంచి తీయకుండానే.

ఆ మాట నీలవేణి అత్తగారు కనకమహాలక్ష్మి చెవిన పడింది. రోజూ రెండు మెట్లు ఎక్కడానికి గోడ పట్టుకునే మనిషి, ఒలుస్తున్న బచ్చలికూర చాట పక్కకి నెట్టి ఇంట్లోకి పరుగు తీసింది. బీరువా తలుపు చప్పుడైంది. తిరిగొచ్చేసరికి చేతిలో ఆకుపచ్చ చీర ఉంది.

"అత్తమ్మా, అది గురువారానికి," అంది నీలవేణి.

"కట్టని బట్టే కావాల. ఇంట్లో కట్టని బట్ట ఇదొక్కటే ఉన్నాది. ఇసురు. నీ సేత్తోటే ఇసరాల."

"నేను ఇసరను."

అప్పుడు అందరూ పాముల్ని ఒదిలి నీలవేణిని చూశారు. ఆ చూపులు ఆమెకి కొత్త కాదు. సీమంతాలకి పిలిచేటప్పుడూ పిలవకుండా ఊరుకునేటప్పుడూ, బారసాలలో పసుపు రాసే వరస తన దగ్గరికి వచ్చి దాటిపోయేటప్పుడూ చూసినవే. కానీ ఇలా మొత్తం లైనంతా ఒకేసారి చూడటం ఇదే మొదలు. ఆ క్షణం చాలు కనకమహాలక్ష్మికి. చీరని కోడలి అరచేతుల్లో కుక్కి, వెనక నుంచి రెండు మణికట్లూ పట్టుకుని ముందుకి విసిరించింది. చీర గాలిలో విప్పుకుని, ధర చీటీ వేలాడుతూ వెళ్ళి పాముల మీద పడింది. రెండూ విడిపోయాయి. ఒకటి పట్టాల వైపు పోయింది, ఒకటి స్లీపర్ల గుట్ట కిందికి దూరింది. ఆడవాళ్ళు చేతులు జోడించారు.

నీలవేణి తన మణికట్టు చూసుకుంది. అత్తగారి గాజు ఒత్తుకుని ఎర్రగా గీత పడింది. చీర పోయినందుకు కాదు, పదిమంది ముందు తన చేతిని తనది కానట్టు వాడుకున్నందుకు ఆమెకి కడుపు మండిపోయింది.

"ఉతక్కూడదు, దులపకూడదు," అని శాంతాదేవి విధులు చెప్పింది. "మూడు శుక్రారాలు కట్టుకోవాలి. ఏడాది తిరక్కుండా ఊయల కడతావు చూడు."

కనకమహాలక్ష్మి చీరని పసిబిడ్డని ఎత్తినట్టు రెండు చేతుల మీద ఎత్తుకుని ఇంట్లోకి తీసుకెళ్ళి దేవుడి మూల పెట్టింది. బైటికొచ్చి చాట ముందు కూర్చుంటూ, కూర ధర చెప్పినంత మామూలుగా అంది: "గురువారం ఆ మేడమ్‌ని రావద్దనీ. దేవుడే ఇస్తానంటన్నాడు గదా. ఇంక కాయితాలేల?"

*

తిరుమలరావు సోమవారం పొద్దున్న డ్యూటీ దిగి వచ్చాడు. గూడ్సు బండికి గార్డు. ఇప్పుడా ఉద్యోగానికి ట్రైన్ మేనేజర్ అని పెద్ద పేరు పెట్టారు గానీ, బొగ్గు దుమ్ము అదే, నిద్రలేమి అదే. వస్తూనే స్నానం చేసి, పెళ్ళాం వైపు కథ విన్నాడు, తల్లి వైపు కథ విన్నాడు. ఇద్దరికీ తలాడించాడు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు, అదీ ఆయన తరహా.

"ఒక్క ఏడాది ఆగితే ఏం పోతుంది నీలా? అమ్మ మనసు కూడా కుదుటపడుతుంది."

"వరస పోతుంది. మళ్ళీ మొదట్నుంచి నిలబడాలి. మన వయసు ఆగదు."

"అది కాదు. ఒకవేళ నిజంగానే..."

ఆ ‘ఒకవేళ’ని ఆయన పూర్తి చేయలేదు. డాక్టర్లు ఇద్దరికీ కలిపి చెప్పాల్సింది ఎప్పుడో చెప్పేశారు. అందుకే ఆ మాట నీలవేణికి మరీ కష్టంగా తోచింది. ఆశ లేని చోట ఆయనే ఆశ పెడుతున్నాడు, అదీ పాముల పేరు మీద.

వంటింట్లోంచి కనకమహాలక్ష్మి గొంతు వినబడింది. ఎవరితోనూ కాదన్నట్టు, గిన్నెలతో మాట్లాడుతున్నట్టు అంటోంది. "పెంచుకున్న గుంటకి మనం సెప్పకపోయినా లోకం సెప్తాది. ఏ పేరంటంలోనో, ఏ కుళాయి కాడో ఎవుర్తో నోరు జారతాది. ఆ రోజు ఆ గుంట మొకం మీరు సూళ్ళేరు."

"చూశారా, ఇంకా రాని పిల్లకి అప్పుడే పేరు పెడుతున్నారు," అంది నీలవేణి మొగుడితో, కావాలనే గట్టిగా. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అత్తగారికి తగిలిందని తెలిసి ఆమెకి కొంచెం తృప్తిగా కూడా అనిపించింది.

"మేడమ్ వస్తుంది. రావద్దని నేను చెప్పను," అని లంచ్ డబ్బా సర్దుకుని షెడ్‌కి వెళ్ళిపోయింది.

*

నీలవేణి పని ఎలక్ట్రిక్ లోకో షెడ్‌లో. ఇంజన్ నెత్తి మీద మడత మంచంలా లేచి కరెంటు తీగని తాకే పాంటోని చూడటం, దాని మీది నల్ల పట్టీలు ఎంత అరిగాయో కొలవటం, పింగాణీ ఇన్సులేటర్లని గుడ్డతో తుడవటం. పైన కరెంటు కట్టేసి, తీగకి ఎర్త్ రాడ్ తగిలించాకే ఎవరైనా ఎక్కాలి. ఎక్కాక ఎదుటివాడి చెయ్యి ఎక్కడుందో చూసుకుంటూ పని చెయ్యాలి. ఆమెకి జోడీ రమణబాబు. పదేళ్ళు చిన్నవాడు, అక్కా అని పిలుస్తాడు. షెడ్‌లో ఎక్కడ పాము కనబడినా అతనికే కబురు. అందుకని ఓ ఇనప కొక్కెం కూడా చేయించుకున్నాడు, దాన్ని షెడ్ వాళ్ళు రమణబాబు గొడుగు అంటారు.

మంగళవారం మూడో ఇంజన్ దిగేటప్పుడు నీలవేణి ఒక సంగతి గమనించింది. నిచ్చెన మెట్లు తను ఒక్కొక్కటే దిగుతోంది. రోజూ చివరి రెండు మెట్లూ దూకే మనిషి. ఇవాళ ఒక చెయ్యి కమ్మీ మీద, రెండో చెయ్యి... రెండో చెయ్యి పొట్ట మీద ఉంది.

గబుక్కున తీసేసింది. ఎవరూ చూడలేదు. అయినా మొహం వేడెక్కింది. పొద్దున్న క్యాంటీన్‌లో పక్కావిడ బొప్పాయి ముక్కలు పెడితే, ఇవాళ వద్దులే అని తోసేసింది కూడా తనే. అప్పుడెందుకు వద్దందో ఇప్పుడు అర్థమైంది. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని నవ్వుకుందామనుకుంది గానీ నవ్వు రాలేదు. ఇంతకాలం కష్టపడి మూసుకున్న తలుపు ఒకటుంది. ఆ దిక్కుమాలిన చీర దాన్ని ఎప్పుడు తెరిచిందో తనకే తెలీలేదు. అత్తగారు తన చేతులే పట్టుకుందనుకుంది, మనసుని కూడా పట్టుకుపోయింది.

భోజనాల దగ్గర రమణబాబు ఫోను ముందుకి జరిపాడు. "అక్కా, ఇవి మీ క్వార్టర్ల వెనకాలవా? శాంతాదేవిగారి వీడియో షెడ్ మొత్తం తిరుగుతోంది."

"అవును."

"భలే మగాళ్ళు."

"ఎవరు?"

"ఇవే. రెండూ మగవే కదా. రెండూ జెర్రిపోతులే."

నీలవేణి చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "సయ్యాట అంటున్నారందరూ."

"అందరూ అంటారు. మా అమ్మా అంటుంది. అది కుస్తీ అక్కా. చూడు." వీడియోని వేలితో ఆపి, ముందుకి జరిపి, మళ్ళీ ఆపాడు. "ఇదిగో, ఈ కుడివైపుది తల పైకెత్తింది. వెంటనే రెండోది మెడ మీదుగా వచ్చి కిందికి నొక్కుతోంది. చూశావా? మళ్ళీ ఇది లేచింది, అది నొక్కింది. ఎవడి తల నేలకి ఆనితే వాడు ఓడినట్టు. కరుచుకోవు. ఒక్క పంటిగాటు కూడా పడదు. ఓడినవాడు ఆ జాగా ఒదిలేసి పోతాడు, అంతే."

ఆమె ఫోను తీసుకుని మళ్ళీ చూసింది. చెప్పాక ఇంక వేరేగా కనబడలేదు. పెనవేసుకోవటం కాదది, మెడ విరుచుకోవటం. ఊగటం కాదు, తోసుకోవటం. పొద్దుటిదాకా ఇందులో ఏం చూసి తను నిచ్చెన మెట్లు ఒక్కొక్కటే దిగిందో ఆ దేవుడికే తెలియాలి.

"మరి ఆడది?"

"ఎక్కడో దగ్గర్లోనే ఉంటుంది. దానికోసమే కదా గొడవ. గెలిచినవాడు దాని దగ్గరికి పోతాడు."

"అప్పుడు ఎలా ఉంటాయి?"

రమణబాబు కాస్త సిగ్గుపడ్డాడు. "ఏం ఉంటుందక్కా. పక్కపక్కనే పడుకుని ఉంటాయి, చాలాసేపు. తోకలు మాత్రం చుట్టుకుని ఉంటాయి. చూడటానికి ఎవరూ రారు. కనబడినా ఏదో తాడు పడిందనుకుని పోతారు."

నీలవేణి డబ్బా మూసేసింది. ఆకలి చచ్చిపోయింది. పాముల మీద కోపం లేదు. అత్తగారి మీద కూడా ఆ నిమిషంలో లేదు. రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా ఆశపడ్డ తన మీదే వచ్చింది, ఏడుపొచ్చేంత కోపం. మధ్యాహ్నం నాలుగో ఇంజన్ ఎక్కి, ఇన్సులేటర్లు అరిగిపోయేలా తుడిచింది. దిగేటప్పుడు చివరి రెండు మెట్లూ దూకింది.

సాయంత్రం వీడియో అత్తగారి ముందు పెట్టి, రమణబాబు చెప్పినట్టే వేలితో ఆపి ఆపి చూపించింది. కనకమహాలక్ష్మి కళ్ళజోడు పెట్టుకుని శ్రద్ధగా చూసింది.

"ఆ రమణబాబేటి, పాములకి పెళ్ళిళ్ళ పేరయ్యేటి?"

"అతను రోజూ పట్టేవాడు అత్తమ్మా."

"పట్టీవోడికి పట్టడం తెలుస్తాది. మగోళ్ళు కొట్టుకోడం నాను సూళ్ళేదేటి? మీ మావా ఆళ్ళ తమ్ముడూ కొట్టుకున్నారు, పంచెలూడిపోనాయి. ఇంత అందంగా ఏ మగోడు కొట్టుకుంటాడే?" అని ఫోను తిరిగి ఇచ్చేసింది.

*

బుధవారం ఆమెకి రెస్టు. టీ తాగి, దేవుడి మూలకి వెళ్ళి, చీర తీసింది. మట్టి మరకలు, గడ్డి గింజలు, ఓ చోట పసుపు బొట్టు. బకెట్లో గోరువెచ్చటి నీళ్ళు పోసి, సబ్బుపొడి కలిపి చీరని ముంచింది. ఒక పనిని ఇంత నిశ్చయంగా చేసి చాలా రోజులైనట్టనిపించింది ఆమెకి.

పెరటి గోడ అవతల, స్లీపర్ల గుట్టకీ పొదలకీ మధ్య ఎండ పడే చోట ఉతికే రాయి ఉంది. బకెట్ దింపుతూ ఉండగా చూసింది. ముందు నిజంగానే తాడనుకుంది. సగం గడ్డిలో, సగం స్లీపర్ నీడలో, పెద్దదొకటి సాగి పడుకుని ఉంది. దాని వెంబడే, కొంచెం సన్నగా, కొంచెం పొట్టిగా ఇంకొకటి. తలలు రెండూ ఒకే వైపు. తోకల దగ్గర మాత్రం, విప్పడం మరిచిపోయిన ముడిలా, చుట్టుకుని ఉన్నాయి. పెద్దది అప్పుడప్పుడూ గవదతో చిన్నదాని వీపు మీద మెల్లగా రాస్తోంది. చిన్నది కదలటం లేదు. పెదాల మీద నల్లటి గీతలు, కునుకు లేని గుండ్రటి కళ్ళు.

నీలవేణి చప్పుడు చెయ్యకుండా రాయి మీద కూర్చుంది. చేతులు బకెట్లో ఉన్నాయి, చీరని నీళ్ళలోనే పిసుకుతోంది. పట్టాల మీద బొగ్గు లోడు పోయింది. నేల అదిరింది. అవి కదల్లేదు. శాంతాదేవి చెత్త పారేయడానికి వచ్చి, నీలవేణిని పలకరించి, వాటికి నాలుగడుగుల దూరంలోంచి నడిచి వెళ్ళిపోయింది. ఏమీ చూడలేదు.

నీళ్ళు చల్లబడ్డాయి. చీరని పిండి, లేచి తాడు మీద ఆరేసి, మళ్ళీ రాయి మీద కూర్చుంది. ఎండలో ఆకుపచ్చ అంతదూరం కనబడుతోంది. అప్పుడే వెనక తలుపు తెరుచుకుంది.

"ఉతికీసినావా?" కనకమహాలక్ష్మి గుమ్మంలోంచే అరిచింది. "ఉతికీసినావే నువ్వు? నీకేటి పోయేకాలం..."

"మెల్లగా అత్తమ్మా. అటు చూడండి. స్లీపర్ పక్కన."

ఆవిడ చూసింది. చూడటానికి కొంచెం సేపు పట్టింది. "ఏటవి?"

"ఆదివారం వచ్చినవాటిల్లో గెలిచింది ఆ పెద్దది. పక్కన ఉన్నది ఆడది."

"ఏటి సేస్తన్నాయి?"

"ఇదే సయ్యాట."

కనకమహాలక్ష్మి గోడ పట్టుకుని రెండు మెట్లూ దిగింది. కోడలి పక్కన రాయి మీద చోటు చేసుకుని కూర్చుంది. తిట్టడానికి తెచ్చుకున్న మాటలన్నీ నోట్లోనే ఉన్నాయని ఆవిడ మొహం చూస్తే తెలుస్తోంది, కానీ ఒక్కటీ బైటికి రాలేదు. చాలాసేపటికి పెద్ద పాము తల కొంచెం ఎత్తి, గాలిని నాలుకతో తాకి, మళ్ళీ దించుకుంది.

"ఇంతేటి," అంది ఆవిడ.

"ఇంతే."

"గుడ్లెక్కడెడతాది?"

"ఈ స్లీపర్ల కిందో, ఎలక బొరియలోనో. పిల్లలు బైటికొచ్చేదాకా చుట్టుకుని ఉంటుందంట. రమణబాబు చెప్పాడు."

"అచ్ఛా. వొచ్చీసినాక?"

"దాని దారి దానిది. పిల్లలు పుట్టగానే వాటి తిండి అవే వెతుక్కుంటాయి. తల్లెవరో వాటికి తెలీదు."

కనకమహాలక్ష్మి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వాటినే చూస్తూ ఉండిపోయింది. "మంచిదే," అంది చివరికి. "ఆటికి సెప్పీవోళ్ళు కూడా ఉండరు."

ఆ మాట ఎందుకందో నీలవేణికి బోధపడలేదు. అడగనూ లేదు. ఆమె అడగాల్సింది వేరే ఉంది, మూడు రోజులుగా నాలుక చివర ఉంది.

"అత్తమ్మా, రేపు మేడమ్ వస్తుంది. మీరు వద్దనాలంటే వద్దనండి. మిమ్మల్ని ఎవరూ ఆపరు. కానీ పాముల పేరు చెప్పి వద్దనకండి. దేవుడి పేరూ చెప్పకండి. మీ పేరు చెప్పి వద్దనండి. నాకు ఇష్టం లేదు, ఇందుకని ఇష్టం లేదు అని ఆవిడతో చెప్పండి. అప్పుడు నేనేం చెయ్యాలో నేను చూసుకుంటాను."

ఆవిడ కోడలి వైపు తిరిగి చూసింది. ఆ చూపులో కోపం ఉంటుందనుకుంది నీలవేణి. కోపం కాదు. భయం. అరవై దాటిన మనిషి, పాల మనిషిని, కరెంటు వాళ్ళని, క్వార్టర్ల ఆఫీసు గుమాస్తాని గడగడలాడించిన మనిషి, భయపడుతోంది. గోడ పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తిరిగి చూసేసరికి గడ్డిలో ఏమీ లేదు.

*

సాహూ మేడమ్ ఆటో దిగి, చెప్పులు గుమ్మం బైటే విప్పి వచ్చింది. నెత్తిన జుట్టు సగం నెరిసింది, మాట మెత్తన. నీళ్ళు తాగి, కుళాయి తిప్పి చూసి, కిటికీ ఊచలు చేత్తో పట్టి చూసి, వెనక గుమ్మంలోంచి ఖాళీ జాగా కూడా చూసింది. అక్కడ పాములుంటాయా అని హిందీలో అడిగింది.

"జెర్రిపోతులుంటాయి. విషం ఉండదు. వాటివల్లే మా లైన్లో ఎలకలు తక్కువ," అంది నీలవేణి. అబద్ధం చెప్పి పని సాగించుకోదలుచుకోలేదు. మేడమ్ తలాడించి, వెనక తలుపుకి కింద సందు మూయించమని చెప్పింది. తిరుమలరావు వెంటనే ఒప్పుకున్నాడు. ఆయన ఆ పూట అన్నిటికీ వెంటనే ఒప్పుకుంటున్నాడు.

ఇద్దరినీ అడిగింది. ఎందుకు కావాలి, డ్యూటీల్లో ఉంటే ఎవరు చూస్తారు, జబ్బు చేస్తే ఎవరు సెలవు పెడతారు. తర్వాత పెద్దావిడతో విడిగా మాట్లాడాలంది. రెండు గదుల క్వార్టర్‌లో విడి ఎక్కడుంది? నీలవేణి, తిరుమలరావు వంటింట్లోకి లేవబోయారు.

"కూకోండి," అంది కనకమహాలక్ష్మి. "నాకు దాపరికం లేదు."

నలభై ఏళ్ళు బిలాస్‌పూర్‌లో కూరగాయల బేరమాడిన హిందీ ఆవిడది. లింగాలు అటూ ఇటూ అవుతాయి గానీ బేరం ఎప్పుడూ తప్పదు. కుర్చీ అంచున, కొంగు భుజం చుట్టూ బిగించుకుని కూర్చుంది.

"మాజీ, మీకు ఇష్టమేనా?" అని పెద్దావిడని అడిగింది మేడమ్.

"లేదు," అంది ఆవిడ.

తిరుమలరావు తల దించుకున్నాడు. నీలవేణి దించుకోలేదు. కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. నిన్న తనే అడిగింది, మీ పేరు చెప్పి అనండని. ఇప్పుడు అంటోంది. వినాలి. మేడమ్ కలం కాగితం మీద ఆనింది గానీ కదల్లేదు.

"నిన్నటిదాకా లేదు," అంది కనకమహాలక్ష్మి అదే హిందీలో. "నిన్న రాత్రి అన్నం తినలేదు నేను. ఆలోచించాను. మీరు ఇంకేమడుగుతారో అడగండి. అన్నీ అయ్యాక చెబుతాను."

ఇలాంటి జవాబులు మేడమ్‌కి అలవాటేననిపించింది. తొందరపడలేదు. పిల్ల రంగు నలుపైతే, అంది. మా ఇంట్లో తెల్లటోళ్ళు ఎవరున్నారమ్మా, అంది ఆవిడ. చుట్టుపక్కల వాళ్ళేమైనా అంటే, అంది మేడమ్. అంటారు, వాళ్ళ పని అదే, అంది ఆవిడ. అప్పుడు మేడమ్ కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళజోడు తీసి, అన్నిటికన్నా నెమ్మదిగా అడిగింది.

"బిడ్డకి ఈ సంగతి ఒకరోజు తెలుస్తుంది. తెలియాలి కూడా. దాచి పెంచకూడదని మేం అందరికీ చెబుతాం. మీ ఇంట్లో ఎవరు చెబుతారు మాజీ?"

కనకమహాలక్ష్మి నోరు తెరిచింది. ఇంతసేపూ ఆదుకున్న హిందీ ఇక్కడ చాల్లేదు. తెలుగులోనే, మేడమ్ కళ్ళలోకే చూస్తూ చెప్పింది.

"నాను సెప్తాను. ఊహ తెలిసీ ముందే, ఒళ్ళో కూకోబెట్టుకుని, అన్నం పెడతా పెడతా నానే సెప్తాను. నాకలగ సెప్పినోళ్ళు లేరు. నన్నూ తెచ్చుకునే పెంచినారు. ఆ సంగతి నా పెళ్ళి పందిట్లో, పీటల మీద కూకున్నాక, పరాయోళ్ళ నోటెంట ఇన్నాను."

తిరుమలరావు తల్లిని చూస్తున్నాడు. నలభై రెండేళ్ళుగా అమ్మమ్మ, తాత అని తను పిలిచిన మనుషులు ఒక్కసారిగా ఆయన మొహంలోకి వచ్చి నిలబడ్డట్టున్నారు. ఆవిడ కొడుకు వైపు చూడలేదు.

మేడమ్ నీలవేణి వైపు తిరిగింది. "క్యా కహా మాజీ నే?" అని, పెద్దావిడ ఏమందో అడిగింది.

నీలవేణి చెప్పబోయింది. ఆగి, మొగుడి వైపు చూసింది. అప్పుడు తిరుమలరావు కుర్చీ ముందుకి జరుపుకుని, గొంతు సవరించుకుని, తల్లి అన్నదంతా మేడమ్‌కి హిందీలో చెప్పాడు, పందిటి మాటతో సహా, ఒక్క మాటా మింగకుండా.